ఆరో కౌంటర్లో అప్పగించిన మచ్చ

నెత్తురుకి గుర్తులేని జబ్బు మచ్చ ఎవరి ఒంటిమీదున్నా సరే, పెద్దాసుపత్రి ఆరో కౌంటర్లో అప్పగించి రావాలి. ఆ జిల్లాలో అది రేషన్ బియ్యం తెచ్చుకున్నంత మామూలు సంగతి. పొద్దున్నే పిలకజడల పిల్లల దగ్గర్నించి చేతికర్ర ముసలాళ్ళ దాకా వరసలో నిలబడేవారు. ఇవ్వాల్సింది ఇచ్చేసి, టీ తాగి, బస్సెక్కి పోయేవారు.

సన్యాసమ్మ ఆసుపత్రికెళ్ళింది మాత్రం మచ్చ గురించి కాదు. వేళ్ళ కణుపులు వాచిపోయి చెంబు పట్టుకుంటే జారిపోతోంది. జుట్టు ముడేసుకోవాలన్నా కోడలు ఈశ్వరమ్మని పిలవాల్సొస్తోంది. మునిమనవరాలు పుట్టి నెలలు గడుస్తున్నా, ఎక్కడ జారవిడుస్తానోనని ఇంతవరకూ ఎత్తుకోలేదు. అందుకని వేలు పొడిపించుకుని ఒక బొట్టు నెత్తురిచ్చింది.

ఆ బొట్టుని బొటనవేలంత గాజుపలక మీద పోస్తారు. పలక నిండా పెద్ద ముగ్గుకి పెట్టినట్టు వరసలు వరసలుగా చుక్కలుంటాయి, కాకపోతే కంటికానవు. ఒక్కో చుక్కలో ఒక్కో జబ్బు తాలూకు మాంసకృత్తు తునక. నెత్తురు తనకి తెలిసినదాన్ని చూసిందా, పాత పగవాడు సంతలో ఎదురుపడితే కళ్ళెర్రబడినట్టు, ఆ చుక్క ఎర్రగా వెలుగుతుంది. తెలియనివి చీకటిగానే ఉండిపోతాయి. సన్యాసమ్మ పలకమీద కీళ్ళ చుక్కలు భగ్గుమన్నాయి. అంటే, ఆవిడ నెత్తురు ఆవిడ కీళ్ళనే పరాయివనుకుని తగువుకి దిగిందన్నమాట.

దానికి మందుంది. కొలతలు తీసి జాకెట్టు కుట్టినట్టు, ఆవిడ ఒక్కదానికే సరిపడేలా చేసి ఉంచారు. అయితే పలకమీద ఆటలమ్మ చుక్క చీకటిగా ఉంది, ఆవిడ ఎడమ కనుబొమ్మ పైన ఆటలమ్మ మచ్చ ఉంది. మనిషీ పలకా ఒక్కలా లేకపోతే మందు ఒంటికి పట్టదు. పలకని దిద్దడానికి లేదు, గాజు కదా. ఇక దిద్దవలసింది మనిషినే.

కౌంటర్ గుమస్తా భానోజీరావు మర్యాదస్తుడు, చెప్పిందంతా విన్నాడు. ఆవిడ మొదలెడితే ఆగదు. చిన్నప్పుడు తనకీ చెల్లెలు పైడమ్మకీ ఒకేసారి ఆటలమ్మ పోసిందంది. ఇద్దర్నీ ఒకే చాప మీద వేపమండలేసి పడుకోబెట్టారంది. ఇంట్లో తాలింపు మానేస్తే, పక్కింటి పెళ్ళి బూరెల వాసనకి ఇద్దరూ కలిసి ఏడ్చారంది. నిద్దట్లో పైడమ్మ గోరు తగిలి తన కనుబొమ్మ మీది పొక్కు చితికింది. తర్వాత తను లేచి తిరిగింది, పైడమ్మ లేవలేదు. ఆ పిల్లకి ఫొటో లేదు, గుడ్డముక్క లేదు, ఎరిగినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. ఉన్నదల్లా ఈ గోటి గుర్తే.

"నా నెత్తురే మరిసిపోనాదేమో బాబూ. ముసిల్దాన్ని కదా."

"నెత్తురుకి మరుపు రాదమ్మా, మనుషులకే వస్తుంది. దానికి గుర్తు లేదంటే, జరగలేదనే."

"జరక్కపోతే మరి నా సెల్లి ఏటయినట్టు?"

"అది మా కౌంటర్ కాదమ్మా."

ఆవిడ పక్కకి తప్పుకుంది. వెనకున్న బడిపంతులు తన పోలియో కుంటుని అప్పగించి, మెట్లు చకచకా దిగిపోయాడు. ఇన్నేళ్ళూ ఆయన కోసం నెమ్మదిగా నడవడం అలవాటైన పెళ్ళాం పైమెట్టు మీదే ఉండిపోయింది.

ఇంటికొచ్చాక సన్యాసమ్మకి కాలు నిలవలేదు. పక్కవీధిలో ఓ పిల్లాడికి ఆటలమ్మ పోసిందని విని, నెత్తురుకి మళ్ళీ పరిచయం చేద్దామని అక్కడికి పోయింది. పిల్లాడి పలకమీదా ఆ చుక్క చీకటేనట. పొక్కులన్నీ ఆ పొద్దున్నే కౌంటర్లో ఇచ్చేశారట, పిల్లాడు చేపలపులుసు తింటున్నాడు. పోనీ, మచ్చ ఇచ్చేశాక నేను మరిసిపోతే నువ్వైనా నాకు పైడమ్మ సంగతి చెప్పు అని ఈశ్వరమ్మని బతిమాలింది.

"నాకూ వచ్చేవారమే పలక, అత్తా. నువ్వు సెప్పినా, నానెరగని మనిషి నా నెత్తుట్లో ఎలాగుంటాది? మచ్చ పోతే పోనీ, మొహం నున్నగుంటాది."

ఆ సాయంత్రం ఈశ్వరమ్మ నీళ్ళకెళ్ళినప్పుడు ఉయ్యాల్లో పిల్ల గుక్కపట్టింది. సన్యాసమ్మ చేతులు చాపింది గానీ వేళ్ళు ముడుచుకోలేదు. కోడలు పరిగెత్తుకొచ్చేదాకా, నల్లబడుతున్న ఆ చిన్న మొహాన్ని చూస్తూ చేతులు చాపుకుని అలాగే నిలబడింది.

తెల్లారి వెళ్ళి నుదురు కౌంటర్ కిటికీకి ఆనించింది. భానోజీరావు పట్టకారుతో, బొట్టుబిళ్ళ ఊడదీసినంత తేలిగ్గా మచ్చ తీసి చిన్న కవరులో వేశాడు. ముద్ర గట్టిగా కొట్టబోతుంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"జాగర్తగా ఎట్టు బాబూ. సిన్నపిల్ల."

"అందరివీ జాగ్రత్తగానే పెడతామమ్మా," అని, ముద్ర నెమ్మదిగానే వేశాడు.

మందు నిజంగానే కొలతకి కుట్టినట్టు పట్టింది. అక్కడే బల్లమీద కూర్చుని వేళ్ళు ఒక్కొక్కటే విప్పి చూసుకుంది. తన జుట్టు తనే ముడేసుకుంది. ఎవరి పెళ్ళిలో ఏ కూర వండారో, ఏ వానకి ఏ గోడ కూలిందో అన్నీ గుర్తున్నాయి. ఒక చాప మాత్రం గుర్తుకొచ్చింది, వేపమండలతో. దాని మీద ఒక పక్క ఎందుకు ఖాళీగా ఉందో అర్థం కాలేదు. పెద్ద చాప కాబోలు అనుకుని లేచింది.

వరసలో ముందున్న ఆడమనిషి, పెదవి మీద మచ్చని కొంగుతో కప్పుకుని, ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నొప్పుంటాదా పెద్దమ్మా?"

"ఏటీ ఉండదమ్మా. సీమ కుట్టినట్టయినా ఉండదు."

"నువ్వేటిచ్చినావు?"

సన్యాసమ్మ నున్నటి నుదురు తడుముకుంది.

"ఏటోనమ్మా. నాది కాదంట."