మెట్ల మీద పుట్టిన పాట

ఆ సోమవారం ఉదయం రాక్ బ్రదర్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఆరింటికి చర్చి వెనక గదిలో సాధన మొదలుపెట్టాలి, ఏడింటికి ఆపాలి, ఏడున్నరకల్లా ఇంటికొచ్చి కాఫీ తాగాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. అతనూ అలాగే అనుకున్నాడు.

రాక్ బ్రదర్ అన్నది అభిమానులు పెట్టిన పేరు. అభిమానులంటే, పన్నెండేళ్లలో వచ్చిన మూడు ఆల్బమ్‌లకూ కలిపి నాలుగైదు వందల మంది. దేవుడి పాటల్లోకి ఎలక్ట్రిక్ గిటారు తెచ్చాడని చర్చి పెద్దలు అతన్ని అనుమానంగా చూసేవారు. ఎలక్ట్రిక్ గిటారు దగ్గరికి దేవుణ్ణి తెచ్చాడని రాక్ సంగీతం వాళ్లు అంతకంటే అనుమానంగా చూసేవారు. అతను జుట్టు కత్తిరించుకోవాలన్న విషయంలో మాత్రం ఇరుపక్షాలకూ భేదాభిప్రాయం లేదు.

అతని భార్య కారు నడపడం నేర్పుతుంది. బోధించే మనిషి వైపు కూడా ఒక బ్రేకు ఉన్న చిన్న కారు, అదే ఆవిడ స్కూలు. ఆ ఉదయం ఎనిమిదింటికి ఏడుగురు శిష్యులకు ఆ కారులోనే లైసెన్సు పరీక్ష ఉంది. గుమ్మం పక్కన మేకుకి రెండు తాళంచెవులు వేలాడుతున్నాయి, ఒకటి చర్చి గదిది, రెండోది కారుది. మనసులో ఏదో రాగం తిరుగుతుండగా అతను ఒకటి తీసి జేబులో వేసుకున్నాడు. చర్చి గది అప్పటికే తెరిచి ఉంది. డ్రమ్స్ వాయించే బావమరిది ముందే వచ్చేశాడు. అందుకని జేబులో ఉన్నది ఏ తాళంచెవో చూసుకోవలసిన అవసరమే రాలేదు.

కొత్త రాగం కుదిరేసరికి తొమ్మిదిన్నర అయింది. అప్పుడు ఫోన్ చూసుకున్నాడు. పంతొమ్మిది సార్లు భార్య పిలిచినట్టు ఉంది. కారుకి రెండో తాళంచెవి లేదు. దాన్ని పోయిన నెల పోగొట్టిందీ అతనే.

ఇంటికొచ్చేసరికి తలుపు లోపల గడియ పడి ఉంది. బెల్లు కొట్టాడు. పలుకు లేదు. ఫోన్ చేశాడు. ఎంగేజ్ వస్తోంది. అతనికో పెద్ద ఇబ్బంది ఉంది. వెయ్యిమంది ముందు గొంతెత్తి పాడగలడు కానీ, ఒక్క మనిషి ముందు "తప్పయింది" అనలేడు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆ మాట ఒక్కసారీ అతని నోటివెంట రాలేదు. చివరికి గుమ్మం మెట్ల మీద కూర్చుని, భుజాన ఉన్న గిటారు దించి, తనకు చేతనైన పద్ధతిలోనే మొదలుపెట్టాడు.

"తాళము నా చేతిలో, తలుపు నీ చేతిలో,
తప్పు నాదే, తెరువవా.
ఏడుగురు వేచిరి నా వలన వెలుపల,
ఏ ముఖముతో నీ యెదుట నిలువను."

పావుగంటలో పాట తయారైంది. పన్నెండేళ్లలో అంత తొందరగా, అంత నిజంగా ఒక్క పాటా రాలేదు. దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి భార్యకు పంపాడు. ఆవిడ పేరు ఫోన్‌లో "హోమ్" అని ఉంటుంది. దాని కిందే "హోమ్ చర్చి క్వయర్" అని పాటలవాళ్ల గ్రూపు ఉంటుంది. కళ్లలో నీళ్లు నిండి ఉన్నప్పుడు వేలు ఏ వరస మీద పడిందో ఎవరు చూసుకుంటారు.

పన్నెండింటికి భార్య తలుపు తీసి, తాళంచెవి అందుకుని, మాట్లాడకుండా కారెక్కి వెళ్లిపోయింది. పాట విని కూడా కరగలేదే అని అతను కుంగిపోయాడు. ఇంత జరిగినా ఒక్క మాటైనా అనలేదే అని ఆవిడ రగిలిపోయింది. ఇల్లంతా ఆరు రోజులు మౌనవ్రతం. ఆ ఆరు రోజులూ క్వయర్ మాత్రం పాట సాధన చేస్తూనే ఉంది.

ఆదివారం ఆరాధనలో బావమరిది డ్రమ్స్ మీద దరువు వేసి, నలభై గొంతులు ఒక్కసారి "తాళము నా చేతిలో" అని ఎత్తుకునేసరికి, రాక్ బ్రదర్ కుర్చీలో బిగుసుకుపోయాడు. పాస్టరు గారు ఆ పాట మీద నలభై నిమిషాలు ప్రసంగించారు. ఆ ఏడుగురూ బైబిలు చివర్లో వచ్చే ఏడు సంఘాలకు గుర్తన్నారు. తాళం మనిషి దగ్గర, తలుపు దేవుడి దగ్గర ఉండటంలోని మర్మం తనకు రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసిందన్నారు. ఆడవాళ్ల వరసలో భార్య కళ్లు తుడుచుకుంటోంది.

బయటికి రాగానే ఆవిడ తమ్ముణ్ణి పట్టుకుంది. "ఎవరు రాశార్రా ఆ పాట? ఎంత తగ్గి రాశాడు. అలాంటి మనిషితో కాపురం చేసేవాళ్లు అదృష్టవంతులు."

"బావే కదక్కా," అన్నాడు తమ్ముడు గర్వంగా.

ఆవిడ మొహంలో భక్తి మొత్తం దిగిపోయింది. నేరుగా భర్త దగ్గరికొచ్చింది.

"నాకు తప్పయిందని చెప్పడానికి నోరు రాలేదు గానీ, దేవుడికి చెప్పడానికి నాలుగు చరణాలు వచ్చాయన్నమాట."

"అది నీకు రాసిందేనే. ఆ ఏడుగురు నీ శిష్యులు. తలుపు మనింటిది. నీకు పంపబోతే వేలు జారి క్వయర్‌కు వెళ్లింది."

"పాస్టరు గారు ఏడు సంఘాలన్నారు."

"ఆయనకేం తెలుసు?"

"చర్చి గుమ్మంలో నిలబడి, దేవుడి పాటను నాకు అంటగట్టి గండం గట్టెక్కుదామని చూస్తున్నారా? ఇంతకు దిగజారతారనుకోలేదు."

రెండు రోజుల్లో పాట ఫోన్ నుంచి ఫోన్‌కి పాకింది. ఏడాదిగా అతని ఫోన్ ఎత్తని రికార్డింగ్ కంపెనీ మేనేజరు తనే ఫోన్ చేశాడు. శనివారం సాయంత్రం పెద్ద హాల్లో కచేరీ పెట్టాడు. ఊరంతా పోస్టర్లు పడ్డాయి, "మూడు రోజుల ఉపవాస ప్రార్థనలో పుట్టిన పాట" అని.

"నేను ఉపవాసం చెయ్యలేదండీ," అన్నాడు రాక్ బ్రదర్.

"ఆ రోజు పొద్దున ఏమైనా తిన్నారా బ్రదర్?"

"లేదు. కాఫీ కూడా తాగలేదు."

"అయితే చేసినట్టే."

"మూడు రోజులని వేశారు."

"మిగతా రెండు రోజులూ అచ్చయిపోయాయి బ్రదర్. ఇప్పుడు తియ్యలేం."

కాదని గట్టిగా అనాలని అతనికి ఉంది. కానీ పన్నెండేళ్ల తరువాత తన మొహం గోడల మీద కనిపిస్తోంది. ఆ మొహాన్ని తనే చింపుకోవడానికి చేతులు రాలేదు. ఉపవాసం గురించి మేనేజరు రాసిచ్చిన నాలుగు వాక్యాలు బట్టీ పట్టాడు.

శనివారం హాలు నిండిపోయింది. ముందు వరసలో పాస్టరు గారు, చర్చి పెద్దలు. చివరి వరసలో భార్య. తమ్ముడి డ్రమ్స్ వినడానికి వచ్చానని పక్కావిడకు అడక్కపోయినా చెప్పింది. ఉపవాసం కథ చెప్పడానికి అతను మైకు దగ్గరికి వస్తుండగా, మేనేజరు ఎవరికీ చెప్పకుండా దాచుకున్న విశేషాన్ని ప్రకటించాడు. "ముందుగా, ఆ ప్రార్థన గదిలో బ్రదర్ స్వయంగా చేసుకున్న మొట్టమొదటి రికార్డింగు వినండి."

ఫోన్‌లో ఎంతమంది విన్నా గిటారూ గొంతూ తప్ప మరేమీ వినిపించని రికార్డింగు అది. మనిషంత ఎత్తు స్పీకర్లలో పెట్టేసరికి పాట వెనక తలుపవతలి గొంతు కూడా గంట కొట్టినట్టు పలికింది.

"అవునమ్మా, మా ఆయనే. కారు తాళం జేబులో వేసుకుని పాటలకు పోయారు. మీ ఏడుగురికీ పరీక్ష పోయింది, ఏం చెయ్యమంటారు? ఇప్పుడా? గుమ్మం బయట కూర్చుని ఏదో వాయించుకుంటున్నారు. వాయించుకోనివ్వండి. పన్నెండు దాకా తలుపు తియ్యను."

రికార్డింగు ఆగింది. ఏడు సంఘాల పాస్టరు గారు తలెత్తి, పైన ఎన్ని ఫ్యాన్లున్నాయో లెక్కపెట్టడంలో మునిగిపోయారు. మూడో వరసలో ఒక ముసలావిడ కిసుక్కున నవ్వింది.

రాక్ బ్రదర్ బట్టీ పట్టిన నాలుగు వాక్యాలూ ఎటో ఎగిరిపోయాయి. "ఉపవాసం అబద్ధం," అన్నాడు మైకులో. "కాఫీ తాగలేదు, అంతే. ఈ పాట మా ఆవిడకు రాశాను. పొరపాటున క్వయర్‌కు వెళ్లింది. మీరంతా దేవుడికని పాడుతుంటే, కాదని చెప్పే ధైర్యం లేకపోయింది." చివరి వరస వైపు చూశాడు. "తప్పయింది."

ఆ మాట అంత పెద్ద హాల్లో రెండుసార్లు మారుమోగింది. ఇక తన పని అయిపోయిందని గిటారు పట్టీ విప్పుకోబోయాడు. అప్పుడు మగవాళ్ల వరసల్లోంచి ఎవరో "పాడు బ్రదర్" అన్నారు. మరొకాయన లేచి, నెమ్మదిగా పాడితే రాసుకుంటానని బతిమాలాడు. బావమరిది దరువు వేశాడు. పాటలప్పుడు పెదవులు మాత్రమే కదిపే మగవాళ్లంతా ఆ రోజు గొంతు చించుకుని పాడారు, తమ తమ భార్యలున్న వైపు తిరిగి. ఎవరి ముందు పశ్చాత్తాపపడినా అది దేవుడికే చేరుతుందని పాస్టరు గారు ముక్తాయించి, తన ప్రసంగాన్ని కాపాడుకున్నారు.

కచేరీ అయ్యాక వేదిక వెనక గదికి భార్య వచ్చింది.

"ఆ ఒక్క మాట ఆ రోజే అనుంటే ఇంత రభస ఉండేదా?"

"ఉండేది కాదు."

"పాట కూడా ఉండేది కాదనుకోండి." ఆవిడ అతని చెదిరిన జుట్టు చేత్తో సర్దింది. "బాగుంది. రెండో చరణంలో నేను కూడా కాస్త తొందరపడ్డానని కలపండి."

అంతలో మేనేజరు పరుగున వచ్చాడు. ఉపవాసం పోస్టర్లు ఉదయానికల్లా పీకించేస్తానన్నాడు, కొత్తవాటి మీద దంపతుల ఫొటో వేస్తానన్నాడు. తరువాత రాక్ బ్రదర్‌ని దాటుకుని ఆవిడ ముందు వినయంగా నిలబడ్డాడు.

"ఆల్బమ్‌కి ఇలాంటివే ఇంకో తొమ్మిది కావాలి మేడం. మీరు మళ్లీ ఎప్పుడు కోప్పడగలరు?"

ఆవిడ బ్యాగులోంచి డైరీ తీసి, పేజీలు తిప్పి చూసి, మంగళవారం పొద్దున్నయితే వీలవుతుందంది.