కమాన్లు మార్చుకోకండి!

జీపుకు కమాన్లు మార్చేవాడు ఊరికి ద్రోహి. కావాలంటే నా మీద కేసు పెట్టుకోండి!

చక్రాల పైన కట్టలు కట్టలుగా ఉండి, కుదుపులన్నీ తామే మింగే ఆ ఉక్కు పట్టీల సంగతే చెబుతున్నా. అరిగితే అరగనివ్వండి. విరిగితే తాడు కట్టుకుని తిరగండి. మెకానిక్ షాపు వైపు మాత్రం చూడకండి!

నవ్వుతున్నారా? మా రాళ్లకండ్రిగకు రండి. పుత్తూరు నుంచి తొమ్మిది కిలోమీటర్లు. ఆటోవాళ్లు మా ఊరి పేరు వింటే ఫోన్ చూసుకుంటారు. వచ్చేది మా సుబ్రమణ్యం జీపు ఒక్కటే.

దాని కమాన్లు చచ్చిపోయి మూడేళ్లు. ఎన్ని లాభాలో! ఊళ్లో పెరుగు క్యాను ఎక్కిస్తే పుత్తూరులో వెన్న దిగుతుంది. ఒంట్లో ఏ ఎముక ఎక్కడుందో చదువు లేనివాడికీ తెలుస్తుంది. నడుం జారిందా? దిగేది ఎముకలకు కట్టు కట్టే పుత్తూరులోనే కదా! గట్టు తగాదాతో పదేళ్లుగా మాటల్లేని మునిరామయ్య, రామలింగయ్య రెండో మలుపులో కావలించుకుంటారు. ఏ కోర్టు చేయగలదీ పని?

ఒప్పుకోనిది నాగవేణి ఒక్కతే. ఆమెకు ఎనిమిదో నెల.

"అన్నా, వచ్చే నెల నన్ను ఈ జీపు ఎక్కిస్తే బిడ్డ ఆస్పత్రి దాకా ఆగదు. మూడో గుంతలోనే పుట్టేస్తాది. రోడ్డుకని నువ్వు రాసే అర్జీలు పక్కేస్తావా దానికి?" అనింది నలుగురిలో.

రోషం రాదా? పుత్తూరులో రోడ్ల ఆఫీసు ముందు నాలుగు రోజులు కూర్చున్నాను. అరిచాను. గొంతు పోతే పళ్లెం కొట్టాను. చివరికి ఇంజనీరు గారు రోడ్డు చూడ్డానికి ఒప్పుకున్నారు. కానీ వారి కారు ఆ రోడ్డు మీద రాదట! మీ జీపే పంపండి అన్నారు.

అప్పుడు చేశాం మేము, మా జన్మకు సరిపడా తప్పు.

"సారు మన బండెక్కుతా ఉంటే ఇరిగిన కమాన్లతోనా తీసకొచ్చేది? ఊరి పరువేం గావల్ల?" అన్నాడు సుబ్రమణ్యం. అందరూ అవునన్నారు. నేనూ అన్నాను, సిగ్గు లేకుండా. మర్యాద అనేది మాకు జబ్బు!

పుత్తూరు మెకానిక్ మురుగేష్ నాలుగు చక్రాలకూ కొత్త కమాన్లు వేసి, గ్రీజు పూసి, "ఇంక గ్లాసుతో నీళ్లు పెట్టుకోని పో అప్పా, చుక్క కింద పడితే నన్నడుగు" అన్నాడు. నాగవేణి అత్త తిరుమలమ్మ బూరగదూది దిండు తెచ్చి ముందు సీట్లో వేసింది.

సారు ఎక్కారు. రెండో కిలోమీటరులో ఆవులించారు. నాలుగో కిలోమీటరులో గురక! ఊళ్లో లేపితే కళ్లు నులుముకుని, "ఏమయ్యా, ఇంత సుఖమైన రోడ్డు పెట్టుకుని ఈ గొడవలేంది?" అన్నారు. టెంకాయ నీళ్లు తాగి, అక్కడే రాశారు: రోడ్డు బాగున్నది, మరమ్మతు అవసరం లేదు.

"బాగా జోకొట్టినారు, అన్నా" అనింది నాగవేణి.

ఇరవై రోజులు తిరక్కముందే ఆ సుఖమైన రోడ్డు మీద కొత్త పట్టీలు రెండు పటుక్కుమన్నాయి. ముక్కలు పట్టుకుని ఆఫీసుకు పోయాను. మంచి రోడ్డు మీద కమాన్లు విరిగితే తప్పు బండిదేనట!

అందుకే చెబుతున్నా, అధికారి వచ్చే రోజు మీ బండి ఎంత పాడైతే ఊరికి అంత మంచిది.

నాగవేణికి ఇంక వారమే. జీపు ఎక్కించం. నొప్పులు మొదలైతే ఎనిమిది మందిమి మంచం మీద మోసుకుపోతాం. ఆస్పత్రికి పోయే దారిలోనే ఆ ఆఫీసు. మెట్ల ముందు ఒక్క నిమిషం దించి, భుజాలు మార్చుకుంటాం.

ఆ టైముకు సారు మేలుకుని ఉంటే చాలు.