దవడ పంటి మీద నల్లమచ్చ

సోమవారం పొద్దున్న హాల్వర్ మాస్టారు పెట్టుకున్న పనులు రెండే. పళ్లు చూపించుకోవడం, రేవుకు పడవ రాగానే కాడ్ చేప కొనుక్కోవడం. ఆ ఊరి బడిలో ముప్ఫై అయిదేళ్లు పాఠాలు చెప్పిన మనిషి ఆయన. పిల్లలు శనివారం తప్ప మిఠాయి ముట్టకూడదన్న నియమాన్ని ఆయనంత కఠినంగా ఆ తీరంలో ఇంకెవరూ కాపాడలేదు.

పళ్ల డాక్టరు సిన్నోవ కూడా ఆయన శిష్యురాలే. చిన్న అద్దం నోట్లో పెట్టి, దీపం కిందికి దించి, ఓ దవడ పంటి దగ్గర ఆగిపోయింది.

"ఇక్కడ గాడిలో నల్లగా ఉంది మాస్టారూ. పుచ్చో, ఉత్త మరకో కంటికి తెలీదు. ఎక్స్‌రే తీయాలి. మిషన్ బాగుచేసేవాడు గురువారం గాని రాడు."

మాస్టారికి "నల్లగా" అన్న మాట తప్ప మరేమీ వినబడలేదు. చేప కొనకుండానే ఇంటికొచ్చేశాడు.

"చేపేదీ?" అంది భార్య బొర్గిల్.

"కూర్చో. నీకో మాట చెప్పాలి." ఎలాగూ ఎక్స్‌రేలో బయటపడేదే, ముందు తనే చెప్పడం మర్యాద అనుకున్నాడు. "పదకొండేళ్లుగా ప్రతి మంగళవారం నడకకని వెళ్తున్నాను కదా. నడవడం లేదు. పడవల కొట్టం వెనక కూర్చుని నల్లటి అతిమధురం మిఠాయి బిళ్లలు తింటున్నాను. పొట్లం మొత్తం."

బొర్గిల్ అప్పుడు కూర్చుంది. "గున్వోర్ ఇంటికి కాదా?"

"గున్వోర్ ఇంటికి నేనెందుకెళ్తాను?"

గున్వోర్ ఆ కొట్టం పక్కింట్లో ఉండే విధవరాలు. ఒకప్పుడు బొర్గిల్‌కి ప్రాణస్నేహితురాలు. పదకొండేళ్లుగా ఆమె ఎదురుపడితే బొర్గిల్ తల తిప్పుకుని పోతోంది. ఎందుకో పాపం ఆవిడకి తెలియదు.

బుధవారం బొర్గిల్ వాఫుల్స్ కాల్చుకుని క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్లింది. అంతా విని గున్వోర్ మొహం ఎర్రబడింది.

"అనుమానించావు, సరే. కానీ హాల్వర్‌తోనా? నాకు మరీ అంత గతిలేదనుకున్నావా?"

"ఏం, ఆయనకేం తక్కువ?" అంది బొర్గిల్, వచ్చిన పని మరిచిపోయి.

ఆ కేకలు వీధి చివరి దుకాణందాకా వినబడ్డాయి. సాయంత్రానికి మంగళవారాల సంగతి ఊరంతా పాకింది. పాత శిష్యుడొకడు ఆయన్ని రోడ్డు మీద ఆపి, "ఒక్క చాక్లెట్టుకి నన్ను వారం రోజులు గోడకి నిలబెట్టారు మాస్టారూ," అని మాత్రం అని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది హాల్వర్‌కి.

గురువారం ఆయన ఉరికంబం ఎక్కుతున్నట్టు కుర్చీ ఎక్కాడు. తిట్టుకోవడం పూర్తయినా వాఫుల్స్ ఇంకా మిగిలి ఉండడంతో రాజీపడిపోయిన ఆడవాళ్లిద్దరూ తోడు వచ్చారు. సిన్నోవ తెర మీద బొమ్మ చూసింది.

"పన్ను రాయిలా ఉంది మాస్టారూ. అది ఉత్త మరకే."

"అంటే... నేనేమీ చెప్పకపోయినా సరిపోయేదా?" అన్నాడాయన. సిన్నోవ తల దించుకుంది. ఊరందరితోపాటు ఆమెకీ తెలుసు.

"మిషన్ బాగైంది కదా, నువ్వూ తీయించుకోవే," అంది గున్వోర్.

బొర్గిల్ నవ్వుతూ కూర్చుంది. ముత్యాల్లాంటి పళ్లు. అద్దం పెట్టి ఎంత వెతికినా ఒక్క మచ్చ లేదు. ఎక్స్‌రేలో మాత్రం పన్నూ పన్నూ ఆనుకున్న చోట, కంటికందని సందుల్లో, నల్లటి నీడలు కనబడ్డాయి.

"మూడు పుచ్చులున్నాయండీ," అంది సిన్నోవ మెల్లగా. "తీపి ఎక్కువగా తింటారా?"

బొర్గిల్ నోరు మూసుకుంది.

హాల్వర్ లేచాడు. భార్య కోటు తెచ్చి, చేతులు దూర్చుకోవడానికి వీలుగా పట్టుకుని, ఇల్లు చేరేదాకా ఒక్క ప్రశ్నయినా అడగకుండా ఆమె పక్కన నడిచాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన అంత క్రూరంగా ఎన్నడూ ప్రవర్తించలేదు.