కంటికి కనపడే కాలం

గుండ్లవాగు నియోజకవర్గంలో పుట్టుకతోనే పెద్ద జబ్బులున్న పిల్లలు ఎన్నికల ప్రకటన వెలువడిన రోజు నుంచి ఫలితాలు వచ్చే రోజు వరకే కంటికి కనపడతారు. మిగతా కాలమంతా కన్నతల్లికి కూడా చేతికి తగలడం, మాట వినపడడమే తప్ప కనపడరు. బస్సులో కండక్టరు వాళ్ల సీటును ఖాళీ సీటు కిందే లెక్కేస్తాడు. కనపడని పేషెంటును చేర్చుకోవడానికి ఆసుపత్రి రూల్సు ఒప్పుకోవు. ఎందుకిలా అని ఎవరూ అడగలేదు. ఎండాకాలంలో కరెంటు ఎందుకు పోతుందని మాత్రం ఎవరు అడిగారు గనక?

భూలక్ష్మి కూతురు మేఘనకు తొమ్మిదేళ్లు. గుండెలో రంధ్రం. ఈసారి ప్రకటన రాగానే, పిల్ల కాళ్లూ చేతులూ పూర్తిగా తేలేదాకా కూడా ఆగకుండా, భూలక్ష్మి పట్నం ఆసుపత్రికి పరుగెత్తింది. పెద్ద డాక్టరు అంతా చూసి ఆపరేషన్ ఆగస్టులో పెట్టాడు. ఫలితాలు జూన్‌లోనే.

"అప్పటికి పాప కనపడదు గదమ్మా?" అన్నాడాయన.

"కనపడది సార్."

"చూడకుండ కొయ్యలేం గద. మళ్ల కనపడ్డప్పుడు తీస్కరా. కాని రెండేండ్లు దాటనీయకు. గుండె తట్టుకోది."

ఆయన మంచి డాక్టరే. ఎన్నికలు మాత్రం ఐదేళ్లకోసారి వస్తాయి.

అందుకే గుండ్లవాగు తల్లులు ఓటు వేసే పద్ధతి వేరు. ఎమ్మెల్యే పోతే ఆర్నెల్లలోపు ఉప ఎన్నిక పెట్టాలి. కాబట్టి వాళ్లు పార్టీని చూడరు, హామీలు వినరు. అభ్యర్థి ఊపిరి వింటారు, చీలమండల వాపు చూస్తారు. ఇలాంటి పిల్లల్ని సాకిన కళ్లకు అదేమంత కష్టం కాదు. కిందటిసారి గెలిపించిన ఆయన ఏడాది తిరగకముందే కన్నుమూశాడు. ఆ ఉప ఎన్నికలోనే పక్కింటి సాజిదా కొడుకుకు, కనపడకపోయినా నరం తడిమి ఇంటి దగ్గరే నెలనెలా రక్తం ఎక్కించే ఏర్పాటు కుదిరింది. అంత మంచి నాయకుడు మళ్లీ రాడని తల్లులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈసారి పోటీలో ఇద్దరు. ఒకడు రోజూ పొద్దున్నే పరుగు తీసే కుర్రాడు. అతన్ని చూడగానే సాజిదా పెదవి విరిచింది. రెండో ఆయన వీరభద్రయ్య, రిటైరైన హెడ్‌మాస్టరు. ప్రచారానికొచ్చి, భూలక్ష్మి ఇంటి ముందున్న నాలుగు మెట్లు ఎక్కేలోపే రెండుసార్లు ఆగాడు.

ఫొటో కోసం పిల్లను ఎత్తుకోలేదాయన. పక్కన కూర్చుని బత్తాయి వలిచి, గింజలు తీసి, తొన తొనా ఇచ్చాడు. ఎక్కాలు అడిగాడు. మేఘన పదమూడో ఎక్కం అప్పజెప్పి, ఆయన మొహంలోకి తేరిపార చూసింది.

"తాతా, నీ పెదాలు గూడ నా లెక్కనే నీలంగున్నయ్. మా డాక్టర్ సార్‌కు చూపెట్టుకో."

వెంట వచ్చినవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"నిజమేనా బిడ్డా?" అని భూలక్ష్మిని అడిగాడు.

భూలక్ష్మికి తెలుసు. ఈ వారంలో ఆసుపత్రికి వెళితే ఆయన ఇంకో పదేళ్లు బతుకుతాడు. నాలుక చివరిదాకా వచ్చింది మాట. తన మీద తనకే అసహ్యం వేసింది. పిల్ల వైపు చూసింది.

"ఏం లేదు సార్. ఎండల తిరుగుతున్నరు గద."

వీరభద్రయ్య తృప్తిగా తలూపి లేచాడు. జూన్‌లో ఆడవాళ్ల ఓట్లు కలిసొచ్చి భారీ మెజారిటీతో గెలిచాడు. చివరి రౌండు ప్రకటిస్తుండగానే మేఘన పాదాల నుంచి మాయం కాసాగింది.

"తాత గెలిచిండా అమ్మా?"

"గెలిచిండు."

"మరి డాక్టర్‌కు చూపెట్టుకున్నడా?"

భూలక్ష్మి పిల్ల జుట్టు సవరిస్తూ ఉండిపోయింది. కాసేపటికి వేళ్లకు తగులుతున్న జుట్టు కళ్లకు కనపడలేదు.

మర్నాడు విజయోత్సవ సభలో తల్లులంతా ముందు వరసలో కూర్చున్నారు, ఖాళీ ఒళ్లు సర్దుకుంటూ. వీరభద్రయ్య మాట మాటకీ ఆగుతున్నాడు. సాజిదా చెవి రిక్కించి విని, భూలక్ష్మి చేయి నొక్కింది. ఆయన మైకు పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"మీ పిల్లల కోసం... నా ప్రాణమైనా ఇస్తా."

నాయకుల మాట ఏనాడూ నమ్మని ఆ తల్లులు ఈ ఒక్క మాట నమ్మారు. చాలాసేపు చప్పట్లు కొట్టారు. భూలక్ష్మి ఒళ్లో, ఎవరికీ కనపడని రెండు చిన్న చేతులు కూడా కొట్టాయి. మేఘనకు ఆ తాతంటే ఇష్టం.