వారం రోజుల వంకర వీధి

ఆ ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ కార్యదర్శిగారు వేసుకున్న పథకం పెద్దదేమీ కాదు. వీధిని బాగుచెయ్యడం, ఆ తర్వాత మధ్యాహ్నాలు హాయిగా నిద్రపోవడం. మొదటి సంగతి వీధి వీధంతా చాటారు. రెండోది ఆయన భార్యకు మాత్రమే తెలుసు. తెలుసు కాబట్టే ఆయన ఉపన్యాసం మొదలుపెట్టినప్పుడల్లా ఆవిడ మొహం పక్కకు తిప్పుకునేది.

ఆయన బీమా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. పనిచేశారనడం మాటవరసకే. ఒకరి ఫైలును ఇంకొకరి ఫైలు కింద పెట్టడంలోనే సర్వీసంతా గడిచిపోయింది. ఇప్పుడు వీధి సంక్షేమ సంఘానికి కార్యదర్శి. ఆ సంఘానికి అధ్యక్షుడు లేడు. ఆ పదవి తనకు ఇవ్వలేదన్న కోపంతో ఇంకెవరికీ దక్కకుండా చూసుకున్నారు.

వీధికి ఒక చివర మార్కెట్టు, రెండో చివర పెద్ద రోడ్డు. తొందరలో ఉన్న ప్రతివాడికీ అదే అడ్డదారి. వీధి మధ్యలో ఒక మలుపు, ఆ మలుపులో కార్యదర్శిగారి పడకగది కిటికీ. అక్కడికి రాగానే హారన్ కొట్టకపోతే ఇంజను ఆగిపోతుందన్నట్టు ప్రతి బండీ కూసేది.

"ఏమండీ, ఇక నావల్ల కాదు," అంది భార్య. "మా తమ్ముడివాళ్ళ పైఅంతస్తులో ఫ్లాటు ఖాళీ అయింది. వచ్చే నెల మారిపోదాం."

కార్యదర్శిగారి గుండెల్లో రాయి పడింది. ఆ బావమరిది అరటిపండు ఎలా ఒలవాలో కూడా ఎదుటివాడికి నేర్పే రకం. "బావగారూ, అలా కాదు, ఇలా," అన్నది అతని ఊతపదం. అతని ఇంటి మీద కాపురమంటే మిగిలిన జీవితమంతా పాఠాలు వినడమే.

"వారం ఓపిక పట్టు. ఈ వీధి నోరు మూయిస్తాను," అన్నారాయన.

ఆ ధైర్యం ఒక వీడియో పెట్టిన భిక్ష. ఎక్కడో జనం తమ వీధిని తామే మార్చుకున్నారట. ఇంట్లో ఉన్న పూలకుండీలూ బెంచీలూ తెచ్చి రోడ్డు మీద పెట్టి, రంగులు పూసి, నాలుగు రోజులు ఉంచి చూశారట. మున్సిపల్ ఇంజనీరు కూడా సరేనన్నాడు. "వారం చేసుకోండి. చివరి రోజు వచ్చి చూస్తాను. బాగుంటే కుండీల చోట సిమెంటు దిమ్మెలు కట్టించి శాశ్వతం చేస్తాం. బాగోకపోతే తీసేయండి. మధ్యలో మా పైవాళ్ళు చెప్పకుండా వచ్చినా వస్తారు, జాగ్రత్త," అన్నాడు.

ఇక ప్రజల భాగస్వామ్యం మొదలైంది. అంటే, ఎవరింట్లో ఏది పారెయ్యడానికి బద్ధకించారో అది రోడ్డు మీదికి వచ్చింది. రంగు డబ్బాల అడుగున మిగిలినవన్నీ కలిపి పూస్తే రోడ్డుకు జబ్బు చేసినట్టు కనిపించింది. బెంచీలు అందరూ ఇచ్చారు. తమ గేటు ముందు మాత్రం ఎవరూ వెయ్యనివ్వలేదు. "ఊళ్ళోవాళ్ళు కూర్చుని మా ఇంట్లోకి చూస్తారండీ," అన్నాడు ఎదురింటి పళ్ళ డాక్టరు, పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ నోళ్ళలోకి చూసే మనిషి. బెంచీలన్నీ కార్యదర్శిగారి కిటికీ కింద చేరాయి. కుండీలను మాత్రం ఆయనే దగ్గరుండి పాము నడిచినట్టు వంకరటింకరగా పెట్టించారు. దూసుకుపోయేవాడెవడైనా అందులో దూరితే బుద్ధి రావాలి.

వచ్చింది కూడా. సోమవారం వచ్చిన బళ్ళన్నీ తిట్టుకుంటూ వెనక్కి తిరిగాయి. ఆ మధ్యాహ్నం కార్యదర్శిగారు గురకపెట్టి నిద్రపోయారు. లేచి, భార్య ముందు కాలరెగరేశారు.

మర్నాడు పొద్దున తెల్లచొక్కా మనిషి ఒకాయన వచ్చాడు. కుండీకీ కుండీకీ మధ్య టేపు పెట్టి కొలుస్తున్నాడు, తల పంకిస్తున్నాడు, మళ్ళీ కొలుస్తున్నాడు. ఇంజనీరు చెప్పిన పైఅధికారి ఈయనేనని కార్యదర్శిగారికి ఇట్టే అర్థమైపోయింది. అర్థం కావడంలో ఆయనెప్పుడూ ఆలస్యం చెయ్యరు. పళ్ళ డాక్టరును కేకేసి, ఇంట్లోంచి కాఫీ తెప్పించి ఎదురెళ్ళారు.

"ఈ వంపులు ఎవరి ఆలోచనండీ?" అన్నాడు తెల్లచొక్కా.

"ఈ అల్పుడిదే."

"అద్భుతం! ఇంత కచ్చితమైన వంపు ఎక్కడా చూడలేదు. మావాళ్ళందరినీ తీసుకొస్తాను."

"తప్పకుండా! ఎంతమందినైనా తీసుకురండి."

"రోజూ వస్తే మీకు ఇబ్బందేమో?"

"ఇబ్బందా? మా అదృష్టం! డాక్టరుగారూ, మీరేమంటారు?"

"అదృష్టమే," అన్నాడు డాక్టరు, ఏమిటో తెలియకుండానే.

బుధవారం పొద్దున మలుపులో కార్లు బారులు తీరాయి. ఇస్త్రీ చొక్కా వేసుకున్న కార్యదర్శిగారు, అధికారులను ఆహ్వానించడానికి రోడ్డు మధ్యలో నిలబడ్డారు. మొదటి కారు ఆయన మీదికే వచ్చింది. స్టీరింగు దగ్గర కూర్చున్న పిల్ల కిటికీలోంచి గట్టిగా అరిచింది.

"అంకుల్, తప్పుకోండి! నాకింకా ఆపడం నేర్పలేదు!"

ఆయన ఒక్క గెంతు గెంతి బెంచీ ఎక్కారు. అక్కణ్ణించి చూస్తే ప్రతి కారు నెత్తినా ఎర్రటి 'ఎల్' బోర్డు కనిపించింది. మొదటి కారులో, ఆ పిల్ల పక్క సీట్లో తెల్లచొక్కా నవ్వుతూ చెయ్యి ఊపుతున్నాడు. అతను డ్రైవింగ్ స్కూలు మాస్టారు. లైసెన్సు పరీక్షలో నడపాల్సిన వంకర దారి కోసం ఊరంతా ఖాళీ స్థలం వెతికి వేసారినవాడు. ఇక్కడ దారి వేసి, కాఫీ ఇచ్చి, రమ్మని బతిమాలారు.

"పొండి ఇక్కణ్ణించి!" అన్నారు కార్యదర్శిగారు.

"అదేమిటండీ, మీరే కదా ఎంతమందినైనా తీసుకురమ్మన్నారు? డాక్టరుగారు సాక్షి."

డాక్టరు సాక్ష్యం చెప్పడమే కాదు, కొడుకును కూడా ఆ స్కూల్లో చేర్పించేశాడు. వీధివాళ్ళకు ఫీజు సగమట.

నేర్చుకునేవాళ్ళకు బ్రేకు ఎక్కడుందో తెలియదు గాని హారన్ మాత్రం చేతికి అందుతుంది. కుండీ కనబడితే హారన్, పిల్లి కనబడితే హారన్, భయమేస్తే హారన్. కార్యదర్శిగారి నిద్ర గంగపాలైంది. ఒళ్ళు మండి, గురువారం తెల్లవారకముందే కుండీలన్నీ మరింత దగ్గరికి జరిపారు, ఒక్క కారూ దూరకూడదని. మాస్టారు అది చూసి పొంగిపోయాడు.

"ఇరుకులో నడపడం నేర్చే పెద్ద కోర్సువాళ్ళకు కూడా ఏర్పాటు చేశారా! మీ రుణం తీర్చుకోలేనండీ," అన్నాడు.

మధ్యాహ్నానికి రెట్టింపు కార్లు వచ్చాయి. శుక్రవారం ఆయన దారి ఇంకా ఇరుకు చేద్దామని బెంచీలను రోడ్డు మీదికి లాగారు. వాటి మీద జనం కూర్చున్నారు. ఏళ్ళ తరబడి మొహాలు చూసుకోని ఇరుగుపొరుగు ఒకచోట చేరి, వేరుశెనక్కాయలు తింటూ, కుండీ పగిలినప్పుడల్లా చప్పట్లు కొట్టారు. "ఎడమకు తిప్పమ్మా, ఎడమకు!" అని జన్మలో స్టీరింగు ముట్టనివాళ్ళు కూడా సలహాలిచ్చారు. బావమరిది ఒక్కడే అనుకున్న కార్యదర్శిగారికి, వీధి నిండా బావమరుదులే ఉన్నారని తేలింది.

చివరి రోజు ఇంజనీరు వచ్చాడు. కార్యదర్శిగారు గేటు దగ్గరే అతని చెయ్యి పట్టుకున్నారు. రాత్రుళ్ళు కూడా కలలో హారన్లు వినబడి ఆయన కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"బాబూ, నీకు పుణ్యముంటుంది. ఇదంతా తీసేయించు. నా తప్పే. వంపులు వద్దు, బెంచీలు వద్దు, పాత వీధి నాకు ఇప్పించు."

ఇంజనీరు వీధిని పైకీ కిందికీ చూశాడు. బెంచీల నిండా జనం. దూసుకుపోయే బండి ఒక్కటీ లేదు. ఉన్న కార్లు నడిచేవాడికంటే మెల్లగా పోతున్నాయి.

"ఎందుకు తీసేయాలండీ? అనుమతి అడిగినప్పుడు బళ్ళ వేగం తగ్గాలన్నారు, తగ్గింది. జనం బయటికి రావాలన్నారు, వచ్చారు. మీరు అడిగిందంతా జరిగింది కదా?"

"జరక్కుండా ఉంటే బాగుండేదయ్యా!"

"చూశారా, ఎంత నిగర్వో!" అన్నాడు పళ్ళ డాక్టరు. "ఇంత చేసి కూడా ఆ పేరు తనకొద్దంటున్నారు." వీధంతా చప్పట్లు కొట్టింది. ఎవరో 'అధ్యక్షుడు' అన్నారు. అందరూ అదే అందుకున్నారు. కార్యదర్శిగారు జీవితమంతా ఎదురుచూసిన మాట అది. దాని తర్వాత నోరు తెరిచి వద్దనడం ఆయన తరం కాలేదు. ఆ ఒక్క నిమిషంలో ఇంజనీరు కుండీల చోట దిమ్మెలు కట్టడానికి సున్నంతో గుర్తులు పెట్టించేశాడు.

అంతలో ఒక కారు వంపులన్నీ తిరిగి, ఒక్క కుండీకీ తగలకుండా రివర్సులో వచ్చి, సరిగ్గా గేటు ముందు ఆగింది. అందులోంచి ఆయన భార్య దిగింది.

"నువ్వా!" అన్నారాయన.

"నేనే. బుధవారం నుంచి నేర్చుకుంటున్నాను. మీరు కుండీలు జరిపాక ఇంకా బాగా వచ్చిందండీ." ఆవిడ మొహం వెలిగిపోతోంది. పెళ్ళయ్యాక ఆవిడ అంత సంతోషంగా ఉండగా ఆయన చూసింది తక్కువ. "మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్పేశాను, ఆ ఫ్లాటు ఇంకెవరికైనా ఇచ్చుకోమని. ఇలాంటి వీధి వదిలి మనం ఎక్కడికి పోతాం?"

ఆ రోజు తర్వాత ఆ ఇంట్లో ఇల్లు మారదామన్న మాట ఎత్తింది అధ్యక్షులవారు ఒక్కరే.