మబ్బులంటే పడని అమ్మాయి

ఆఖరి నిమిషంలో సీటు దొరకడమంత అదృష్టం ఇంకోటి లేదు! అనుకున్న మార్కులు తెచ్చుకుని, అనుకున్న కాలేజీలో, అనుకున్న సబ్జెక్టులో చేరిపోయే పిల్లల్ని చూస్తే నాకు నిజంగా జాలేస్తుంది. పాపం, వాళ్ళ బతుకులో సస్పెన్స్ ఏముంది?

అదే మార్కులు తగ్గాయనుకోండి, ఎంత వైభోగం! యూనివర్సిటీవాళ్ళు ఫోన్ లైన్లు తెరుస్తారు. మిగిలిపోయిన సీట్లన్నీ అక్కడే ఉంటాయి, ముందు లైను దొరికినవాళ్ళకి ముందు. వంకాయలైనా నాలుగు తిప్పి చూసి ఏరుకుంటాం గానీ ఇక్కడ ఆ శ్రమ కూడా లేదు. పద్దెనిమిదేళ్ళుగా తేలని భవిష్యత్తు, లైను కలిసేదాకా ఫోన్‌లో మోగే పాట నాలుగుసార్లు వినేలోపు తేలిపోతుంది.

నమ్మరా? అయితే మా పై వాటావాళ్ళ సంగతి వినండి. ఆ ఇంటి పిల్లే తర్వాత నాకు చెప్పింది.

ఆ ఇంటాయన గడియారాలు రిపేరు చేస్తాడు. ఆవిడ బట్టలు కుడుతుంది. ఆయన తమ్ముడు బస్సు డ్రైవరు, వాళ్ళతోనే ఉంటాడు. ఇంటికంతటికీ ఒక్కతే పిల్ల. ఊహ తెలిసినప్పటినుంచీ డాబా ఎక్కి ఆకాశంకేసి చూస్తూ కూర్చుంటుంది కాబట్టి అందరూ దాన్ని మబ్బులమ్మ అంటారు. వాన పడుతుందని అది ఒక్క మాటంటే చాలు, మా వీధంతా ఆరేసిన బట్టలు తీసేస్తాం. వాతావరణశాస్త్రం చదవాలని దాని కోరిక. చెప్పబోయినప్పుడల్లా ఎవరో ఒకరు మధ్యలో మాట అందుకునేవారు, అందుకని కోరిక అలా లోపలే ఉండిపోయింది.

ఫలితాలొచ్చాయి. సీటుకి కావలసిన మార్కులు కొంచెంలో తప్పిపోయాయి. పిల్ల మొహం వేలాడేసుకుని కూర్చుంది. పెద్దవాళ్ళు మాత్రం క్షణం వృథా చెయ్యలేదు. ఫోన్‌లో విద్యార్థే మాట్లాడాలని యూనివర్సిటీవాళ్ళ రూలు. మన కుటుంబాల్ని రూల్సు ఆపుతాయా? దానికి మాట్లాడ్డం చేతకాదు, నోరు తెరిస్తే నసుగుతుంది, మనమే దాని బదులు మాట్లాడాలి అని ముగ్గురూ తీర్మానించేశారు. హాల్ టికెట్ నంబరు బట్టీ పట్టి, గొంతులు సన్నం చేసుకుని, తలో మూలా సర్దుకున్నారు. దాన్ని పోయి టీ పెట్టమన్నారు.

ఒక్క పిల్ల బదులు ముగ్గురు పిల్లలు! ఇంతటి ఐకమత్యం మీరెక్కడైనా చూశారా?

తండ్రికి ఓపిక వృత్తిలోనే ఉంది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఎవరిదో వాచీ విప్పి, బిగించి, మళ్ళీ విప్పాడు. ఆయనకి లైను దొరకనే లేదు. బాబాయిది కిక్కిరిసిన బస్సులో చివరి సీటుదాకా వినపడే గొంతు. దాన్ని పీక నొక్కి సన్నం చేస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. అటువైపు ఉద్యోగిని, పాపం అమ్మాయికి బాగా జలుబు చేసినట్టుందనుకుని తొందరగా తేల్చేసింది. హోటల్ మేనేజ్‌మెంట్ ఉంది, కావాలా అంది. కావాలన్నాడు. ఎందుకు కావాలీ అంటే, పొద్దుటినుంచీ ఏమీ తినలేదు కదా, ఆకలేస్తోందన్నాడు. సీటిచ్చేసింది.

ఇంక సంబరమే సంబరం. బాబాయి మిఠాయి డబ్బా పట్టుకుని మా ఇంటికీ వచ్చాడు. కాదనలేక రెండు తిన్నాను. తల్లి మాత్రం ఇంతకంటే మంచిది దొరక్కపోతుందా అని ఫోన్ వదల్లేదు.

ఆ సందట్లో మబ్బులమ్మ తన ఫోన్ తీసుకుని డాబా మెట్ల మీదికి జారుకుంది. పాట వింది, మళ్ళీ వింది, ఆ పాట అంటేనే విరక్తి పుట్టేదాకా వింది. చివరికి లైను కలిసింది. హాల్ టికెట్ నంబరు చెప్పి, నసుగుతూనే, వాతావరణశాస్త్రంలో సీటుందా అని అడిగింది.

ఉంది, ఒక్కటే ఉంది, కానీ ఇప్పుడే మీరు అది వద్దన్నారు కదా అంది ఉద్యోగిని. ఎవరన్నారంటే, మీరే, ఇదే నంబరు అంది. మబ్బులంటే తనకి పడదనీ, అవి చూస్తే తలనొప్పి వస్తుందనీ చెప్పారట. అంతకుముందు హోటల్ మేనేజ్‌మెంట్ ఒప్పుకున్నదీ ఆ నంబరేనట.

మబ్బులమ్మ లోపలికి తొంగి చూసింది. కుట్టుమిషన్ దగ్గర తల్లి అప్పుడే ఫోన్ పక్కనపెట్టి, గండం గడిచినట్టు మొహం తుడుచుకుంటోంది.

"ఇంతకీ మీ ఇంట్లో చదివేది ఎవరమ్మా?" అని అడిగింది ఉద్యోగిని.

"నేనేనండీ."

"మరి నీకేం చదవాలనుంది?"

వాతావరణశాస్త్రమేనండీ అని నసిగింది పిల్ల. ఆ మాట తనని ఒకరు అడగడం అదే మొదటిసారి.

చేతిలో ఉన్న సీటు వదిలితేగానీ ఇంకోటి ఇవ్వడానికి లేదు. వదిలాక, ఈలోగా ఆ మిగిలిన ఒక్కటీ ఇంకెవరైనా తన్నుకుపోతే రెండూ పోయినట్టే. ఆవిడ ఈ సంగతంతా విడమరిచి చెప్పింది. కింద బాబాయి వీధి చివరిదాకా మిఠాయి పంచేస్తున్నాడు.

"వదిలేస్తున్నానండీ," అంది మబ్బులమ్మ. ఈసారి నసగలేదు.

మళ్ళీ పాట మొదలైంది. పిల్ల ఆకాశంకేసి చూస్తూ కూర్చుంది. పాట సగంలో ఆగింది. సీటు దక్కింది.

చూశారా మరి! తల్లి వద్దనబట్టే కదా ఆ సీటు మిగిలింది? కాబట్టి పిల్లలు కోరుకున్నది వాళ్ళకి దక్కాలంటే, పెద్దలందరూ తలో ఫోనూ పట్టుకుని, పిల్లల గొంతు పెట్టి, అది మాకొద్దని గట్టిగా చెప్పాలి. ఇంత తేలికైన పద్ధతి ఇంకెక్కడుంది? రెండోసారి మాత్రం మా ఇంటికి మిఠాయి రాలేదు. పై వాటాలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోవడం లేదు. తేరుకుంటారు లెండి.

అందరూ ఆ ఉద్యోగినిని తెగ మెచ్చుకుంటున్నారు గానీ, ఆవిడ చేసిన ఘనకార్యం ఏమిటండీ? నీకేం చదవాలనుంది అని ఒక్క ముక్క అడిగింది. అలా అడిగినందుకు ఆవిడకి నెలనెలా జీతమిస్తారు. మనకెవరిస్తున్నారని అడుగుతాం?