వాషింగ్ మెషీన్ తలుపు

ఆ రోజు వెంకట్ ప్లాను చాలా చిన్నది. ఏడున్నరకు వాషింగ్ మెషీన్‌లోంచి కూతురు రసజ్ఞ యూనిఫాం తీసి, ఇస్త్రీ చేసి, పిల్లని తొమ్మిదికల్లా బడి దగ్గర దింపి, రాయదుర్గంలో ఆఫీసుకు వెళ్ళిపోవాలి. బడిలో పద్యాల పోటీ. ఉన్నది ఒకటే యూనిఫాం, రెండోది పొట్టయిపోయింది.

మెషీన్ ఉతుకుతూ ఉతుకుతూ మధ్యలో ఆగిపోయింది. తలుపు ఎంత లాగినా రాలేదు.

వెంకట్ ఫోన్‌లో వెతికాడు. మొదటి నాలుగూ ప్రకటనలు. ఐదోది కొత్త మెషీన్ కొనుక్కోమంది. ఆరోది, పూర్వం బట్టలుతకడం ఎంత కష్టమో మూడు పేజీలు చెప్పి, అసలు సంగతి దగ్గరికొచ్చేసరికి ఈమెయిల్ అడిగింది. ఇచ్చాడు. "ధన్యవాదాలు" అంది. అంతే.

"ఏమండీ, ఎనిమిదవుతోంది!" వంటింట్లోంచి నీహారిక కేకేసింది.

"ఈ సెర్చ్‌లో ఇప్పుడేం దొరికి చావదు. ఏఐ అసిస్టెంట్‌ని అడుగుతా."

"చాలా మంచి ప్రశ్న!" అంది అసిస్టెంట్. "రెండు చివర్లలో ఉన్న బటన్లూ కలిపి ఐదు సెకన్లు నొక్కండి."

నొక్కాడు. చైల్డ్ లాక్ పడి, ఉన్న బటన్లు కూడా పనిచేయడం మానేశాయి. ఆ మాటే అసిస్టెంట్‌కి చెప్పాడు.

"మీరన్నది నిజమే, అలా నొక్కకూడదు. వెనక గొట్టం పీకి నీళ్ళు వదిలేయండి. తలుపు దానంతటదే తెరుచుకుంటుంది."

పీకాడు. రెండు బకెట్ల సబ్బునీళ్ళు బాల్కనీ నిండి కిందికి దూకాయి. తలుపు మాత్రం కదల్లేదు.

నిమిషంలో కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు లింగమూర్తి తలమీద తువ్వాలుతో ఎక్కి వచ్చాడు. "ఏంది సార్ గిది? కూసోని చాయ్ తాగుతుంటె నెత్తిమీద సబ్బునీళ్ళు!"

"అసిస్టెంట్ చెప్పిందండీ..."

"ఎవరామె? పిలువున్రి, నేనడుగుత."

ఎవరూ రాకపోయేసరికి ఆయనే వెళ్ళి మెషీన్ ప్లగ్గు పీకాడు. "ఇగ జర ఆగున్రి."

రెండు నిమిషాలకు తలుపు టక్కుమని తెరుచుకుంది.

"మా ఇంట్ల గూడ గిదే లొల్లి. కరెంటు బంద్ చేస్తె అయిపాయె. గింత పరేషాన్ ఎందుకు?"

నీళ్ళు తీసేసినందుకే వచ్చిందేమో అనబోయి, ఆయన జుట్టులోని నురగ చూసి వెంకట్ ఊరుకున్నాడు.

తడి యూనిఫాం మీద ఇస్త్రీపెట్టె పొగలు కక్కుతుండగా నీహారిక అడిగింది. "గొట్టం పీకమని దానికెవరు చెప్పారట?"

"ఎవడో బుద్ధిలేనివాడు రాసుంటాడు!" వెంకట్ పళ్ళు కొరుకుతూ జవాబు కింద ఉన్న లింకు నొక్కాడు.

'ఏ మెషీన్ తలుపైనా ఐదు నిమిషాల్లో తెరవండి' అనే వ్యాసం వచ్చింది. సైటు అతని కంపెనీదే. కింద పేరు: వెంకట్. రెండేళ్ళ కిందట, టార్గెట్ కోసం ఒక్క పూటలో రాసిపడేసిన నలభై వ్యాసాల్లో అదొకటి. అప్పటికి వాళ్ళింట్లో మెషీనే లేదు.

నీహారిక ఫోన్ అందుకుని చివరిదాకా చదివింది. అడుగున 'ఇది మీకు ఉపయోగపడిందా?' అని ఉంది.

ఆమె 'లేదు' నొక్కి, పిల్లను తీసుకుని బడికి వెళ్ళిపోయింది.